మారెప్ప కలిపిన కాటుక

అది 2019 వేసవి. సోమందేపల్లె దగ్గర హైవే మీద బస్సు దిగి రెండు ఫర్లాంగులు లోపలికి నడిస్తే ఒక ఫోర్జింగ్ షెడ్డు వచ్చేది. పైన రేకులు, మూడు వైపుల గోడ, నాలుగో వైపు గాలి కోసం వదిలిన ఖాళీ. లోపల నూనెతో మండే ఫర్నేసు, ఒకటిన్నర టన్నుల డ్రాప్ హ్యామర్, అంచులు కోసే చిన్న ప్రెస్సు. ట్రాక్టరు ట్రైలర్ల చక్రాలకు వేసే స్పిండిళ్లు అక్కడ తయారయ్యేవి. కాసేపు హ్యామర్ పక్కన నిలబడి వచ్చినవాడికి బయటి ఎండ కూడా నీడలాగే అనిపించేది.

నేను ఆ షెడ్డుకు లూబ్రికెంటు అమ్మే కంపెనీ తరఫున తిరిగే సర్వీసు మనిషిని. అంతకు ముందు ఆరేళ్లు కళ్యాణదుర్గంలో ఉండి ఒక దినపత్రికకు వార్తలు రాశాను. వేరుశనగ ధరలు, ఎండిన బోర్లు, ఆఫీసుల ముందు ధర్నాలు. ఆ పని మానేసినా అది నేర్పిన అలవాట్లు రెండు మిగిలాయి. ఎవరు ఏం చెప్పినా పేరుతో సహా రాసుకోవడం ఒకటి. రెండో వైపు మాట కూడా వినడం ఇంకొకటి. ఇప్పుడు చెప్పబోయే వ్యవహారంలో ఆ రెండింటినీ నేను ఒకే రోజు మరిచిపోయాను.

ముందు పని గురించి కొంచెం చెప్పాలి. ఉక్కు కడ్డీని ముక్కలుగా కోసి ఫర్నేసులో కాలుస్తారు. ఆ ముక్కను బిల్లెట్ అంటారు. పన్నెండు వందల డిగ్రీల దగ్గర అది ఎరుపు దాటి పసుపులోకి తిరుగుతుంది. అప్పుడు పటకారుతో తెచ్చి కింది డైలో పెడతారు. డై అంటే గట్టి ఉక్కు దిమ్మెలో చెక్కిన అచ్చు. పై డై హ్యామర్‌తో పాటు వచ్చి పడుతుంది. నాలుగైదు దెబ్బల్లో బిల్లెట్ మెత్తటి ముద్దలాగా సాగి అచ్చు మూలమూలకూ చేరాలి. చేరకపోతే దాన్ని అండర్‌ఫిల్ అంటారు, ఆ ముక్క పనికిరాదు. ఇంకా పెద్ద ప్రమాదం అతుక్కోవడం. కాలిన ఉక్కుకూ డైకీ మధ్య ఏదీ అడ్డం లేకపోతే రెండూ కరుచుకుంటాయి. అప్పుడు ముక్కను ఊడబెరకడానికి గునపాలు తీయాలి, హ్యామర్ ఆపాలి, ఒక్కోసారి డై మూల విరిగిపోతుంది.

ఆ అడ్డమే మా సరుకు. పెన్సిల్లో ఉండే నల్లటి గ్రాఫైట్‌ను కంటికి ఆననంత మెత్తగా నూరి, నీళ్లలో నిలబడేటట్టు చేసి, చిక్కటి ద్రవంగా డ్రమ్ముల్లో పంపుతాం. షెడ్డులో దానికి పది పాళ్ల నీళ్లు కలిపి, ఒక ముక్క తీశాక, రెండో ముక్క పెట్టే లోపల, వేడి డై మీద స్ప్రే చేస్తారు. నీళ్లు ఒక్క బుసతో ఆవిరైపోతాయి. వెంట్రుక మందం కూడా లేని నల్లని పొర మిగులుతుంది. అన్ని టన్నుల దెబ్బనూ, అంత వేడినీ ఆ పొరే మోయాలి. మామూలు గ్రీజుగానీ నూనెగానీ ఆ వేడికి భగ్గుమని మండిపోతాయి.

డై లూబ్రికెంట్ అనే మాటకు ఆ షెడ్డులో ఎవరి నోరూ తిరగదు. అక్కడ దాన్ని కాటుక అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది మారెప్పే.

మారెప్పకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. పద్దెనిమిదేళ్లుగా అదే హ్యామర్ పక్కన నిలబడి కాటుక కొట్టే మనిషి. సన్నగా, పొడుగ్గా, ఒక పక్కకు కొంచెం వంగి ఉండేవాడు. అంతకాలం ఒకే వైపు వంగి స్ప్రే గన్ను పట్టుకున్నందుకు వెన్ను అట్లా నిలిచిపోయిందని అనేవారు. పొద్దున హ్యామర్ మొదలయ్యే ముందు వేళ్లతో నాలుగు నీటి చుక్కలు డై మీద చిలకరించి చెవి పెట్టి వినేవాడు. చుక్క ఉండలా దొర్లిపోతే డై మరీ కాలిందని, ఉన్నచోటే సుయ్యిమని ఇంకిపోతే సరిగా ఉందని లెక్క. దోసెల పెనం మీద ఆడవాళ్లు చూసుకునే లెక్కే అది. కలిపిన కాటుకను బొటనవేలి గోరు మీద పూసి, ఆరాక రెండో వేలితో రుద్ది చూసేవాడు. నా సంచిలో వేడి కొలిచే గన్ను, చిక్కదనం కొలిచే గాజు గొట్టం ఉండేవి. అతని దగ్గర పది వేళ్లు, రెండు చెవులు ఉండేవి. నాలుగేళ్ల పాటు ఆ రెండింటి లెక్కా కలుస్తూనే వచ్చింది.

ఏప్రిల్ చివర్లో షెడ్డు యజమాని శ్రీనివాసులు ఫోన్ చేశాడు. అతను నాకంటే చిన్నవాడు, షెడ్డులో అందరికీ శీనప్ప, మాట నేరుగా ఉంటుంది.

"అన్నా, మీ సరుకు మారిందా, మా మనిషి మారినాడా, నాకు తెలియాల. వచ్చి చూడు."

మూడు వారాలుగా స్పిండిళ్ల మూలలు నిండడం లేదని, రోజుకు ఒకటో రెండో అతుక్కుంటున్నాయని చెప్పాడు. కొనేవాళ్లు ఒక లోడు వెనక్కి పంపారు. ఇంకొకటి పంపితే వేరే షెడ్డు చూసుకుంటామన్నారు.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం షిఫ్టు నడుస్తోంది. హ్యామర్ నడిపేది ఖాదర్ వలి. మాట్లాడకుండా పది నిమిషాలు ఉండలేని మనిషి. మారెప్ప నన్ను చూసి తల ఊపి పని ఆపకుండానే కొట్టుకుంటూ పోయాడు. విరామంలో దగ్గరికి వెళ్లి ఏమైందని అడిగాను.

"కాటుక మారింది సార్. ముందర గోరు మీద పూస్తే నిలబడేది. ఇప్పుడు ఇసక మాదిరి రాల్తాది."

ఎంత నీళ్లు కలుపుతున్నావని అడిగాను.

"ఎంత పట్టితే అంత."

ఖాదర్ వలి అందుకున్నాడు. "ఆయప్పకు కొలత గ్లాసు చూపిస్తే కోపమొస్తాది సార్. ఇంట్లో సంగటి కూడా కొలిచి పెట్టకూడదు, గిన్నె ముందర పెట్టాల."

మారెప్ప నవ్వలేదు. నేను కలిపిన డ్రమ్ము దగ్గరికి వెళ్లి పైనుంచి ఒక చెంబు తోడి గాజు గొట్టం ముంచాను. పలచగా ఉంది. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. మారెప్పకు చూపించాను. అతను గొట్టం వైపు కాకుండా డ్రమ్ము వైపు చూశాడు.

"కలిపినప్పుడు సరిగ్గానే ఉండాది సార్. నిలబడితే ఇట్లైతాది."

ఆ మాట నేను విన్నాను. రాసుకోలేదు. పత్రికలో ఉన్నప్పుడైతే అదే రాసుకునేవాణ్ణి. ఎందుకంటే అందులో అతను తప్పు చేశాడో లేదో కాక, జరిగిందేమిటో ఉంది. అప్పటికి నా బుర్రలో వార్త తయారైపోయింది. కొలవకుండా కలిపే పాతకాలపు మనిషి, వయసు మీద పడింది, చెయ్యి తప్పింది. కొత్త డ్రమ్ములోంచి కలపని సరుకు సీసాడు పట్టుకుని బెంగళూరులోని మా కంపెనీ ల్యాబుకు పంపాను. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. సరుకులో ఏ లోపమూ లేదు. రిపోర్టులో రాశాను: "లూబ్రికెంటు ప్రమాణాల ప్రకారం ఉంది. నీళ్ల పాళ్లు అదుపులో లేవు. ఆపరేటర్ అంచనా మీద కలుపుతున్నాడు." ఒక కొలత జగ్గు కూడా కొని షెడ్డుకు పంపాను. సంతకం చేసి పోస్టు పెట్టెలో వేసి ఇంకో ఊరికి బయల్దేరాను.

మా రిపోర్టులు సాధారణంగా ఎవరూ చదవరు. అది శ్రీనివాసులు చదివాడు. మారెప్పను హ్యామర్ దగ్గర్నుంచి తీసి గ్రైండింగుకు పంపాడు. రెండు డైల మధ్య నుంచి బయటికి పొంగే అదనపు లోహాన్ని ఫ్లాష్ అంటారు. దాన్ని కోశాక మిగిలిన గరుకు అంచుల్ని వరండాలో కూర్చుని అరగదీసే పని. జీతం తగ్గించలేదు. శ్రీనివాసులు చెడ్డవాడు కాదు. తన మనిషిని బయటికి పంపకుండా, లోడు వెనక్కి రాకుండా చూసుకున్నానని అనుకున్నాడు. కానీ ఫోర్జింగ్ షెడ్డులో హ్యామర్ దగ్గర నిలబడే మనిషికీ, గ్రైండింగు రాయి దగ్గర కూర్చునే మనిషికీ మధ్య ఉండే దూరం జీతంలో కనిపించదు. మారెప్ప మూడు రోజులు వచ్చి రాయి దగ్గర కూర్చున్నాడు. నాలుగో రోజు నుంచి రాలేదు.

మారెప్ప రావడం మానేసిన వారానికి మళ్లీ ఫోన్ వచ్చింది.

"నీ జగ్గు ప్రకారమే కలిపినాము అన్నా. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. ముందర రోజుకు ఒకటి రెండు అతుక్కునేటివి. ఇప్పుడు పూటకు నాలుగు. నిన్న డై మూల ఎగిరిపాయ."

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదని చెబితే అతిశయోక్తి. నిద్ర పట్టింది. కానీ పొద్దున బస్సులో కూర్చున్నాక ఒక ప్రశ్న వదల్లేదు. తప్పు కలిపేవాడిదే అయితే, అతన్ని తీసేశాక బాగుపడాలి కదా. ఇంకా ఎందుకు చెడింది?

వెళ్లగానే ఖాదర్ వలిని పక్కకు పిలిచి, మారెప్ప ఆఖరి రోజుల్లో ఏం చేసేవాడో ఒక్కటి కూడా వదలకుండా చెప్పమన్నాను. వేళాకోళం మానేసి చెప్పాడు. ఆ మూడు వారాలూ మారెప్ప డ్రమ్ము నిండా కలపడం మానేశాడు. పూటకు సరిపడా ఒకేసారి కలిపే అలవాటు పక్కన పెట్టి, బకెట్టు బకెట్టు కలుపుకునేవాడు. అర్ధగంటకు ఒక బకెట్టు. మిగిలింది డ్రమ్ములో పారబోసి మళ్లీ కొత్తది. ఒక్కసారి దట్టంగా కొట్టేచోట రెండుసార్లు పలచగా కొట్టేవాడు. పది ముక్కలకోసారి వైరు బ్రష్‌తో డై మూలల్లో పేరుకున్న నల్లటి పొక్కుల్ని గీకేవాడు. పన్నెండు వందల డిగ్రీల ముక్క రెండడుగుల దూరంలో ఎదురుచూస్తుండగా, మోచేతి దాకా చెయ్యి డైలో పెట్టి.

"నాకు అర్థం కాలేదు సార్ అప్పుడు. ఏమప్పా, డైకి తలంటు పోస్తాండావా అని ఎగతాళి చేసినా," అన్నాడు ఖాదర్ వలి. "ఆయప్ప లేకుండా నిన్న మూల ఎగిరినాక తెలిసొచ్చె."

నేను కొలిచిన డ్రమ్ము మారెప్ప వాడే కాటుక కాదన్నమాట. పక్కన పారబోసింది అది. నా గాజు గొట్టం నిజమే చెప్పింది, నేను అడిగిన చోటే తప్పు.

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. ల్యాబులో నిలబడిన సరుకు ఈ షెడ్డులో ఎందుకు నిలబడటం లేదు? ల్యాబు అబద్ధం చెప్పదు. మారెప్ప కూడా అబద్ధం చెప్పలేదని ఇప్పుడు తెలిసింది. నేను పత్రికలో చేరిన కొత్తలో, గొడవపడుతున్న ఇద్దరి మాటలూ నిజమే అనిపిస్తే ఏం రాయాలని మా డెస్కు పెద్దాయనను అడిగాను. ఇంకా కలవాల్సిన మూడోమనిషి ఒకరు ఉన్నారని అర్థం, పోయి వెతుక్కో అన్నాడు.

ఆ మూడోమనిషి షెడ్డు వెనక పొయ్యి దగ్గర ఉంది.

నారాయణమ్మ అక్కడ పన్నెండు మందికి మధ్యాహ్నం వంట చేసేది. సంగటి, పప్పు, ఊరిబిండి అనే ఏదో ఒక రోటి పచ్చడి. నన్ను కూడా కూర్చోబెట్టి పెట్టింది. నేను తింటుండగా షేర్ ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఆమె లేచి వెళ్లి అందులోంచి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు దింపుకుని, ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. రోడ్డు మీద ఉన్న ఫిల్టర్ నీళ్ల ప్లాంటు నుంచి తెప్పించుకుంటుందట. పెరట్లోనే బోరు మోటారు తిరుగుతోంది కదా, వంటకు కూడా ఈ తిప్పలెందుకని అడిగాను.

"ఆ నీళ్లల్లో బ్యాళ్లు ఉడకవు సార్," అంది. ఇక్కడ పప్పును బ్యాళ్లు అంటారు. "పొద్దున్నించి మంట పెట్టినా రాళ్ల మాదిరే ఉంటాయి. పాత బోరు నీళ్లు కొంచెం ఉప్పగున్నా ఉడుకుతాండ్య. అది ఎండిపాయ. ఈ కొత్తది తొమ్మిదొందల అడుగులకు పోయినారు."

"కొత్తది ఎప్పుడు వేసినారు అక్కా?"

"ఉగాదికి ముందర."

నా చేతిలో ముద్ద ఆగింది. మొదటి స్పిండిల్ అతుక్కున్నది ఉగాది దాటిన మొదటి వారంలో.

ఈ జిల్లాలో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి అది. నాక్కూడా తెలుసు. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు అంత గట్టిబడతాయి. రాళ్లలోని సున్నం, ఇంకా రకరకాల లవణాలు కరిగి వస్తాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెకు తెల్లని పెచ్చు కడుతుంది. గ్రాఫైట్ రేణువులు నీళ్లలో దేనికది విడిగా తేలాలంటే ఆ లవణాలు ఉండకూడదు. ఉంటే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండకట్టి అడుక్కు దిగిపోతాయి. మా డ్రమ్ము మీద అంటించే కాగితంలో "మెత్తని నీటితో కలపండి" అని ఒక లైను ఉంటుంది. ఇంగ్లీషులో, అన్నిటికన్నా కింద. నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా దాన్ని చదివి ఎవరికీ చెప్పలేదు. నా తనిఖీ ఫారంలో డై వేడికి గడి ఉంది, గాలి పీడనానికి గడి ఉంది, పాళ్లకు గడి ఉంది. నీళ్లకు లేదు. నీళ్లంటే నీళ్లే అనుకున్నవాళ్లు తయారుచేసిన ఫారం అది. నేను మాత్రం అట్లా అనుకోవడానికి వీల్లేని ఊళ్లలో పెరిగాను.

రెండు గాజు సీసాలు కడిగి తెచ్చాను. ఒకదాంట్లో బోరు నీళ్లు పట్టాను. రెండోదానికి క్యాన్ నీళ్లు అడిగితే నారాయణమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"ఒక్క సీసానే సార్. రేపటి బ్యాళ్లకు తక్కువైతాది."

రెండింట్లోనూ ఒకే కొలతతో కాటుక వేసి, గట్టిగా కుదిపి, పొయ్యి పక్కన గోడ మీద పెట్టాను. కుదిపినప్పుడు రెండూ ఒకటే నలుపు. అందరూ తిని, చేతులు కడుక్కుని వచ్చేసరికి బోరు సీసాలో పైన రెండు వేళ్ల మందం నీళ్లు తేరుకున్నాయి. కింద బురద. క్యాన్ నీళ్ల సీసా పెట్టింది పెట్టినట్టే నల్లగా నిలబడి ఉంది. శ్రీనివాసులు వచ్చి రెండు సీసాలనూ ఎండలోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. తన బండి తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆయన ఇంటికి నేను పోతే తలుపు తీయడు. నువ్వు పోయి రా అన్నా."

మారెప్ప ఊరు అక్కడికి నాలుగు మైళ్లు. ఇంట్లో లేడు. ట్యాంకరు వచ్చిందని, అక్కడ ఉంటాడని చెప్పారు. వెళ్లేసరికి వీధి మలుపులో బిందెలు వరసగా ఉన్నాయి. మనుషులు నీడల్లో, బిందెలు ఎండలో. మారెప్ప రెండు బిందెలు పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను సీసాల సంగతి చెప్పాను. తప్పు నీదీ కాదు, సరుకుదీ కాదు, నీళ్లది అన్నాను. అతను ఆశ్చర్యపడతాడని ఎదురుచూశాను.

"తెలుసు సార్," అన్నాడు.

అతనే చెప్పాడు. నా రిపోర్టు వచ్చేదాకా సరుకే మారిందని నమ్మాడు. ల్యాబులో అంతా బాగుందని తెలిశాక, గ్రైండింగుకు పంపిన మొదటి రోజే, అరచేతిలో ఇంత కాటుక తెచ్చుకుని ఇంటి నుంచి తెచ్చుకున్న తాగేనీళ్ల సీసాలో కలిపి చూశాడు. సాయంత్రం దాకా నిలబడింది. గోరు మీద పూస్తే రాలలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు మారెప్పన్నా? చెప్పి ఉంటే నీ చోటు నీకు ఉండేది కదా."

అతను బిందెల వరస వైపు చూపించలేదు. చూపించాల్సిన పని లేదు.

"ఆ డై రోజుకు నాలుగు క్యాన్లు తాగుతాది సార్. నేను నోరు తెరిస్తే శీనప్ప తెప్పిస్తాడు, ఆయప్పకు పని కావాల. ఈడ బిందెకు బిందెకు కొట్లాడుకుంటాండాము. తాగే నీళ్లు ఇనుముకు పొయ్యమని నేను ఎట్ల చెప్పేది?"

మళ్లీ అతనే అన్నాడు. "ముందర కారణం తెలీకనే బకెట్టు బకెట్టు కలిపి ఎట్లో నడిపించినా. తెలిసినాక కూడా, నన్ను ఉంచింటే అట్లే నడిపించేవాణ్ణి."

నేను ఈ పనిలో చాలామంది నిపుణుల్ని చూశాను. డై వేడిని ఒక డిగ్రీ తేడా లేకుండా కంటితో చెప్పేవాళ్లున్నారు, దెబ్బ చప్పుడు విని హ్యామర్ బోల్టు వదులైందని చెప్పేవాళ్లున్నారు. కానీ నీళ్ల ప్లాంటు దగ్గరికి నాలుగు క్యాన్లు పంపితే తీరిపోయే కష్టాన్ని, మోచెయ్యి కాల్చుకుంటూ, చేతి నేర్పుతో మూడు వారాలు మోసి, కారణం తెలిశాక కూడా మోయడానికి సిద్ధపడినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు. పైగా అది చేతగానితనం అని నేను రాసిన కాగితాన్ని కూడా మోశాడు.

బాయిలర్లు ఉన్నచోట వాడే సాఫ్టనర్ గురించి అతనికి చెప్పాను. మనిషి ఎత్తు గొట్టం, లోపల చిన్న చిన్న పూసలు. బోరు నీళ్లు అందులోంచి వస్తే గట్టిదనం చాలావరకు పూసలకు పట్టుకుని ఉండిపోతుంది. వారానికోసారి ఉప్పునీళ్లతో పూసల్ని కడిగితే మళ్లీ పనిచేస్తాయి. తాగడానికి కాదు, కాటుక కలపడానికి సరిపోతుంది. అంతా విని ఒక్కటే అడిగాడు.

"తాగే నీళ్లు ముట్టరు కదా?"

"ముట్టరు."

ట్యాంకరు పైపు అతని బిందెల దాకా వచ్చింది. రెండూ నింపుకుని, ఇంట్లో పెట్టి, చొక్కా వేసుకుని వచ్చి బండి వెనక కూర్చున్నాడు.

సాఫ్టనర్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మారెప్ప పాత పద్ధతిలోనే, బకెట్టు బకెట్టు కలిపి నడిపాడు. ఈసారి బ్రష్ పట్టుకుని పక్కన ఇంకో మనిషి ఉన్నాడు, చేతికి తోలు తొడుగు ఉంది. ఒక్క ముక్క కూడా అతుక్కోలేదని చెప్పను. రెండు అతుక్కున్నాయి. కానీ లోడు పోయింది, వెనక్కి రాలేదు. గొట్టం బిగించిన రోజు మారెప్ప డ్రమ్ము నిండా కలిపి, గోరు మీద పూసి, ఆరనిచ్చి, రుద్దాడు. ఆ గోరు ఖాదర్ వలికి చూపించాడు.

"ఇప్పుడు చూసుకో. కంటికి పెట్టుకోవచ్చు."

"నాకెందుకప్పా, మా ఇంటామెకు పెట్టు," అన్నాడు ఖాదర్ వలి. "పద్దెనిమిదేండ్లుగా ఈ పొగ వాసన భరిస్తాండాది."

ఆ సాయంత్రం నేను రెండో రిపోర్టు రాయడానికి శ్రీనివాసులు టేబుల్ దగ్గర కూర్చున్నాను. మారెప్ప చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ముందర కాగితంలో ఆపరేటర్ అని రాసినావంట సార్."

రాశానని ఒప్పుకున్నాను.

"దీంట్లో నా పేరు రాయి."

మా ఫారంలో పేరుకు చోటు లేదు. సరుకు నంబరు, యంత్రం నంబరు ఉంటాయి, మనిషి మాత్రం ఆపరేటరే. ఆరేళ్లు పత్రికలో పనిచేసి, పేరు లేని మాటను వార్త అనకూడదని నేర్చుకుని, ఒక మనిషి మీద నిందను పేరు లేకుండా రాసి పంపాను. పేరు రాయాల్సి వస్తే బహుశా ఒకసారి ఆగి, అతను డ్రమ్ము వైపు ఎందుకు చూశాడో అడిగి ఉండేవాణ్ణి. ఇంటిపేరు అడిగాను. చెప్పాడు. ఫారం పై అంచున ఖాళీ జాగాలో పెద్ద అక్షరాలతో రాశాను. కింద, మొదటి రిపోర్టులోని నిర్ణయం తప్పని, లోపం నీళ్లలో ఉందని, ఈ మనిషి దాన్ని నాకంటే ముందే కనిపెట్టాడని రాశాను. రాసింది చదివి వినిపించమన్నాడు. వినిపించాను. తల ఊపి వెళ్లిపోయాడు. శ్రీనివాసులు దాని నకలు ఒకటి తీసి, కాటుక కలిపే చోట రేకుకు అంటించాడు. ఏడాది తర్వాత వెళ్లినప్పుడు అది నల్లబడి చదవడానికి వీల్లేకుండా ఉంది, కానీ ఎవరూ తీయలేదు.

ఇప్పుడు నేను ఏ షెడ్డుకు వెళ్లినా ముందు హ్యామర్ దగ్గరికి వెళ్లను. పొయ్యి ఎక్కడుందో అడుగుతాను. వంటకు నీళ్లు ఎక్కడివి, పప్పు ఉడుకుతోందా అని వంటామెను అడుగుతాను. ఆకలి మీద వచ్చాననుకుని చాలాచోట్ల కంచం పెట్టేస్తారు. కాదనను. తిన్నాక నా ఫారం తీస్తాను. కంపెనీ దాన్ని ఇంకా మార్చలేదు కాబట్టి పై అంచున రెండు గీతలు నేనే గీసుకుంటాను. మొదటి దాంట్లో నీళ్ల సంగతి రాస్తాను. రెండోది కాటుక కలిపే మనిషిని అడగాల్సింది. పేరేమిటని అడిగితే, ఎంత చప్పుడులో ఉన్నా, ఎంత తొందరలో ఉన్నా, స్ప్రే గన్ను కింద పెట్టి, ఇంటిపేరుతో సహా చెప్పని మనిషి ఇంతవరకు నాకు కనబడలేదు.